రాతచేతి వైపు

ఫిబ్రవరి 2

అమ్మాయి ఫోన్ చేసింది. ఈసారి ట్రిప్పుకి అల్లుడు కూడా వస్తాడట. షాపుకి సెలవు పెట్టేశాడట. దీనికోసమే కొత్త బండి కూడా కొన్నాడట.

"మంచిదే" అన్నాను.

"నిజంగానా నాన్నా?"

"మంచిదే అన్నానుగా."

ఫోన్ పెట్టేశాక, చేతిలో ఉన్న మోటారు కాయిల్ చుట్లు తప్పాయి. విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టాను. వార్నిష్ డబ్బా మూత పెట్టడం మరిచిపోయినట్టున్నాను, సాయంత్రానికి షాపంతా ఒకటే వాసన.

ఫిబ్రవరి 3

మంచిదే కదా. ముగ్గురైతే దారిలో పంక్చరైనా ఇబ్బంది ఉండదు.

ఫిబ్రవరి 7

ఆదివారం. ఇద్దరూ వచ్చారు. కొత్త బండి వాకిట్లో సగం ఆక్రమించింది. అతను దిగడానికే కొంతసేపు పట్టింది. చేతులకి తొడుగులు, మోకాళ్ళకి డిప్పలు, మోకాళ్ళ కిందదాకా బూట్లు. నేను ఇన్నేళ్ళుగా చెప్పులతోనే తిరుగుతున్నాను. ఈ డైరీలో అతన్ని బూట్లాయన అని రాస్తాను. ఎవరు చదువుతారు కనుక.

పక్కింటావిడ గోడ మీదనుంచి చూసి, "ఎక్కడికమ్మా ప్రయాణం?" అని అడిగింది.

నాకంటే ముందు మా ఆవిడ అందుకుంది. "ఎక్కడికీ కాదు. జనం పోని దారుల్లో ఎవడో చిన్న చిన్న డబ్బాలు దాస్తాడు. ఎక్కడ దాచాడో ఫోన్‌లో గుర్తు పెడతాడు. వీళ్ళు బళ్ళేసుకుని పోయి వెతుకుతారు. దొరికితే లోపలున్న చీటీ మీద పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చేస్తారు."

"పెట్టి వచ్చేస్తారా? తెచ్చుకోరా?"

"తెచ్చుకుంటే ఇంటికేదైనా లాభం అయిపోదూ!"

అందరికంటే ఎక్కువ బూట్లాయన నవ్వాడు. మా ఆవిడ మాటలకి అతనెప్పుడూ ఎక్కువే నవ్వుతాడు. అందుకే ఆవిడకి అతనంటే అంత ఇది.

నేను ఫోన్‌లో దారి చూస్తుంటే పక్కకి వచ్చి నిలబడ్డాడు. "మామయ్యా, ఫోన్ అంత దూరంగా పట్టుకుని చూస్తున్నారే. చత్వారం పెరిగినట్టుంది. ఓసారి షాపుకి రండి, చూస్తాను." అతనిది కళ్ళద్దాల షాపు. మనిషి కనిపిస్తే చాలు, ముందు కళ్ళే చూస్తాడు.

"వెలుతురు తక్కువైంది, అంతే" అన్నాను. మిట్టమధ్యాహ్నం అప్పుడు.

ఫిబ్రవరి 8

ఆటలో మా పేరు మార్చానని అమ్మాయి మెసేజ్ పెట్టింది. అది హైస్కూల్లో ఉన్నప్పుడు ఇద్దరికీ కలిపి పెట్టుకున్న పేరు 'రెండు చక్రాలు'. ఎన్ని డబ్బాల్లో ఆ పేరు రాశామో. ఇప్పుడు 'మూడు చక్రాలు' అని మార్చింది. పక్కన నవ్వుతున్న బొమ్మ.

మూడు చక్రాలుంటే దాన్ని ఆటో అంటారు.

బాగుందని జవాబు పంపాను.

ఫిబ్రవరి 11

ఈసారి ట్రిప్పులో చివరి డబ్బా నాది. ఇవాళ వెళ్ళి దాచి వచ్చాను. నేనే దాచానని అమ్మాయికి చెప్పాను, ఎక్కడో చెప్పలేదు. వెతుక్కోవాలి కదా.

ఇటుకల బట్టీ దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారి తుమ్మచెట్ల మధ్యనుంచి ఒక మోటారు గదికి పోతుంది. ఆ గదిలో మోటారుని ఒకప్పుడు నేనే చుట్టాను. ఇప్పుడు బోరు ఎండిపోయింది. మోటారు లేదు, తలుపు లేదు, కిటికీ చువ్వలు కూడా ఎవరో పీక్కుపోయారు. కుడి దారి వాగులోకి దిగుతుంది. అక్కడ వాగు దాటే చప్టా పోయిన వానల్లో సగం కొట్టుకుపోయింది. ఫోన్ మ్యాపులో ఈ రెండు దారులూ కనపడవు, గుర్తు కూడా బట్టీ దగ్గరే పెట్టాను. సూచన చదువుకుని పోవాల్సిందే.

సూచన ఇలా రాశాను: బట్టీ దాటాక ఎడమకి. కిటికీ కింద కదిలే రాయి.

డబ్బాలో రాగితీగతో చిన్న మోటారు సైకిల్ చేసి పెట్టాను. మీద ఇద్దరు. ముగ్గురికి చోటు చాలలేదు.

ఫిబ్రవరి 12

అమ్మాయి నా డబ్బా పేజీ చూసిందట. "ఈ బట్టీ ఎక్కడో నాకు తెలిసిపోయింది నాన్నా" అంది. ఆ గొంతు విని పొద్దంతా హాయిగా పనిచేశాను.

ఫిబ్రవరి 17

రేపే ప్రయాణం. బండికి ఆయిల్ మార్చాను, చైను బిగించాను. డబ్బా సూచనలో ఒక మాట మార్చాను. మాకు అలవాటైన మాటే.

అమ్మాయిది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు కుడి ఎడమలు ఎంతకీ వచ్చేవి కావు. రాసే చెయ్యి కుడి అని వాళ్ళమ్మ నేర్పింది. అది బళ్ళో తన రాసే చెయ్యి ఎత్తి ఇదే కుడి అని వాదించి, అందరిచేతా నవ్వించుకుని వచ్చింది. ఆ రోజునుంచి బండి మీద మా ఇద్దరికీ కుడి ఎడమలు లేవు. 'రాతచేతి వైపు' అంటే ఎడమ. రెండోది 'అటువైపు'. వెనక కూర్చుని భుజం మీద తట్టి, "రాతచేతి వైపు నాన్నా" అనేది. ఆ మాట ఇంకెవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

ఎడమకి అన్నచోట రాతచేతి వైపు అని పెట్టాను. మా డబ్బాకి మా మాట పెట్టుకుంటే తప్పేముంది.

"ఇంకా ఆ ఫోన్‌లో ఏం నొక్కుతున్నారు?" అంది మా ఆవిడ. వాతావరణం చూస్తున్నానని చెప్పాను.

ఫిబ్రవరి 18

అమ్మాయి అతని బండి ఎక్కింది. "నీ సీటు గట్టి నాన్నా, రెండ్రోజులంటే నడుం పోతుంది" అంది. ఇన్నేళ్ళూ పోని నడుం. తన సంచీ తీసుకొచ్చి నా బండి వెనక తాడేసి కట్టింది. కాబట్టి రోజంతా నా వెనక సంచీ కూర్చుంది. మలుపుల్లో అది నాకంటే ముందే ఒరిగేది.

కాలవగట్టు మీద మొదటి డబ్బా నేనే తీశాను. తూము గేటు వెనక అయస్కాంతంతో అంటించి ఉంది. చీటీ మీద పేరు రాయమని అమ్మాయికి ఇచ్చాను. 'మూడు చక్రాలు' అని రాసింది. రాసేటప్పుడు చీటీ కింద అతను అరచెయ్యి పెట్టాడు, బల్లలాగా. ఇంతకుముందు నా వీపు మీద పెట్టుకుని రాసేది.

రెండోది దొరకలేదు. మైలురాయి చుట్టూ నేను అంతా తడిమి, లేదు, ఎవరో ఎత్తుకుపోయి ఉంటారని తేల్చేశాను. బూట్లాయన వంగి, నేను తడిమిన చోటే, రాయి పగుల్లోంచి వేలెడు గొట్టం తీశాడు. రాయి రంగే వేశారు దానికి.

"ఇది మామయ్య కనిపెట్టినట్టే. చోటు ఆయనే చూపించారు" అన్నాడు.

అలా అనకపోయినా బాగుండేది.

మధ్యాహ్నం రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టామె గ్లాసులు కడుగుతూ మమ్మల్ని ముగ్గుర్నీ చూసింది. "అబ్బాయి అచ్చం మీ పోలికే" అంది నాతో. తర్వాత అమ్మాయి వైపు చూసి, "కోడలు కూడా కలుపుగోలు మనిషి. అదృష్టం ఉండాలి లెండి!"

అమ్మాయి టీ ఒలకబోసుకునేంతగా నవ్వింది. "అవునండీ, మా మామగారు బంగారం" అంది. అతను కూడా నా పక్కకి జరిగి నిలబడి, "నాకు ఆ ముక్కు వచ్చుంటే బాగుండేది" అన్నాడు. కొట్టామెకి నిజం ఎవరూ చెప్పలేదు. నేను చెబుదామనుకునే లోపల ఆవిడ వేరే బేరంలో పడిపోయింది.

బస చేసిన చోట రెండు గదులు తీసుకున్నాం. సంచీ ఇచ్చేసి వచ్చాను.

ఫిబ్రవరి 19

అల్లుడు పడ్డాడు. కుడి భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ప్రాణానికేం భయం లేదన్నారు.

ఫిబ్రవరి 20

సూచన నేను మామూలుగానే రాశాను.

ఫిబ్రవరి 21

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

చివరి డబ్బాకి బయలుదేరే ముందు అమ్మాయి వచ్చి సంచీ విప్పింది. "ఇది నీ డబ్బా కదా నాన్నా. ఇక్కడినుంచి నీతో వస్తాను" అని నా వెనక ఎక్కింది. సంచీని అతని బండికి కట్టింది. అతను ఏమీ అనుకోలేదు. ఫోన్‌లో సూచన చదువుకుని, "నేను ముందెళ్ళి వెతికి పెడతాను. మీరు కబుర్లు చెప్పుకుంటూ రండి" అని పోయాడు.

నేను మెల్లగా నడిపాను. అమ్మాయి దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. ల్యాబ్‌లో తన పై అధికారి గురించి, వాళ్ళింట్లో ఎన్నిసార్లు రిపేరు చేసినా కారే కుళాయి గురించి. నాకు తొందరేం లేదు.

బట్టీ దాటాం. చీలిక దగ్గర అతను లేడు. దుమ్ము కుడి వైపున లేస్తోంది.

"అదేంటి, అటు పోయాడు? ఎడమ అని రాశావుగా? మొన్న నేను చూశాను."

"వస్తాడులే" అన్నాను.

"ఏం రాశావు నాన్నా?"

"తప్పని తెలిస్తే తనే తిరిగి వస్తాడు."

తిరిగి వస్తాడనే అనుకున్నాను. చప్టా లేదని చూస్తాడు, తెల్లమొహం వేసుకుని వెనక్కి వస్తాడు, అమ్మాయి నవ్వుతుంది, నేను కూడా కొంచెం నవ్వుతాను. అంతే అనుకున్నాను. ఆ దిగుడుకి మలుపు ఉంది. మలుపు తిరిగేదాకా చప్టా కనపడదు. ఆ సంగతి నాకు గుర్తు లేదు. గుర్తు ఉంటే మార్చేవాణ్ణి కాదు.

దూరంగా అతని ఇంజను ఒక్కసారి గీపెట్టి ఆగిపోయింది. ఆ చప్పుడుకి అర్థం నాకు తెలుసు. చక్రం నేల వదిలితేనే ఇంజను అలా అరుస్తుంది.

వాగులో నీళ్ళు లేవు, ఇసక ఉంది. అది మేలైంది. అతను ఇసకలో కూర్చుని చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే, "ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాడు. మొహం పాలిపోయి ఉంది. అమ్మాయి ఎలా దిగిందో, ఎప్పుడు పరిగెత్తిందో నాకు తెలియలేదు. బండి ఆపే లోపలే నా వెనక ఖాళీ.

ఆస్పత్రిలో ఎక్స్‌రేకి తీసుకుపోతుంటే అతని ఫోన్ అమ్మాయి చేతికిచ్చారు. అందులో నా డబ్బా పేజీ తెరిచే ఉంది. అమ్మాయి చదివింది. నా వైపు చూసింది.

ఫిబ్రవరి 23

ఆస్పత్రికి వెళ్ళాం. మా ఆవిడ కళ్ళొత్తుకుంటూనే అతని దిండు సర్దింది. బూట్లు మంచం కింద ఉన్నాయి, ఇసక కూడా దులపలేదు.

కుడి చెయ్యి ఛాతీకి కట్టేశారు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తిప్పలు పడుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. "తప్పు నాదే మామయ్యా. రాతచేయి అంటే రాసే చెయ్యి కదా, కుడే కదా అనుకుని తిప్పేశాను. మీ ఇద్దరి మధ్యా దానర్థం వేరని తను ఇప్పుడు చెప్పింది." అని, చెంచా పైకెత్తి చూపించాడు. "ఫర్లేదు లెండి. ఇప్పుడు నాకూ రాతచేయి ఎడమే!"

మా ఆవిడ నవ్వింది. నర్సు నవ్వింది. అమ్మాయి కిటికీ వైపు తిరిగి మందుల సంచీ సర్దుతోంది.

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే తొలిచింది. విరిగిన భుజంతో పడుకుని, ఆ ఒక్క మాట కూడా తీసేసుకున్నాడు.

ఇలా అనుకోకూడదు.

ఫిబ్రవరి 24

ఆస్పత్రి వరండాలో అమ్మాయి నా పక్కన కూర్చుంది. నా మొహం చూడలేదు.

"మొదట్లో ఎడమ అని ఉంది. ఎప్పుడు మార్చావు?"

"ముందు రోజు."

"చప్టా పోయిందని తెలుసా?"

"ఎవరికైనా కనపడుతుందిగా అది."

"నేనడిగింది అది కాదు నాన్నా."

తెలుసన్నాను.

"నేను ఆయనకి చెప్పను. నువ్వే చెప్పు. చెప్పేదాకా నీ బండి ఎక్కను" అని లేచి లోపలికి వెళ్ళింది. చిన్నప్పుడు అలిగితే కాళ్ళు నేలకేసి కొట్టేది. ఇప్పుడు చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్ళింది.

ఫిబ్రవరి 27

పని ఎక్కువగా ఉంది.

మార్చి 1

పని ఎక్కువగా ఉంది. పొలాల్లో నీళ్ళు తగ్గి మోటార్లు వరసగా కాలిపోతున్నాయి. తిండికి కూడా తీరిక లేదు.

మార్చి 3

నా డబ్బా ఎవరికో దొరికింది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు. 'చోటు బాగుంది, దారి బాగాలేదు' అని పేజీలో రాశాడు. రాగి బండి గురించి ఒక్క ముక్క లేదు.

మార్చి 5

అతను షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. బండి నడపలేడు. అమ్మాయికి పొద్దున్నే ల్యాబ్ డ్యూటీ. "మీరు తీసుకెళ్ళి దింపొచ్చుగా, దారేగా" అంది మా ఆవిడ. వాళ్ళ ఊరు మాకు దగ్గరే గానీ, అది నా దారి కాదు. ఆవిడకీ తెలుసు. అయినా వెళ్ళాను.

నా వెనక అల్లుడు కూర్చున్నాడు. ఎడమ చేత్తో నా భుజం పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకుంటాడు.

మార్చి 8

రోజూ దింపుతున్నాను. ఇవాళ షాపులో బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి నా కళ్ళు పరీక్ష చేశాడు. ఒంటిచేత్తో ఒక్కో అద్దం మారుస్తూ, "ఇది బాగుందా మామయ్యా, ఇదా?" అని అడుగుతాడు. అబద్ధం చెబుదామన్నా ఏది అబద్ధమో తెలియలేదు. చివరికి పెట్టిన అద్దంలోంచి అతని మొహం దగ్గరగా, స్పష్టంగా కనిపించింది. గడ్డం సరిగా గీసుకోలేకపోతున్నాడు. దవడ కింద కోసుకుంది.

చెప్పేద్దామనుకున్నాను. ఎవరో బేరానికి వచ్చారు.

మార్చి 10

ఇవాళా ఎవరో ఒకరు వచ్చారు.

మార్చి 12

చెప్పాను.

సాయంత్రం షాపునుంచి ఇంటికి తీసుకెళ్తున్నాను. కాలవగట్టు మీద దారి ఖాళీగా ఉంది. మొహం చూడకుండా చెప్పడానికి బండిని మించిన చోటు లేదనిపించింది.

"సూచనలో ముందు ఎడమ అని ఉండేది" అన్నాను.

"ఏంటి మామయ్యా?"

"ఎడమ అని ఉండేది!"

"ఎడమకా? ఇల్లు కుడికి కదా!"

బండి ఆపాను. ఇంజను కట్టేసి, హెల్మెట్ తీసి, వెనక్కి తిరిగి చెప్పాను. ఎడమ అని రాసి ముందు రోజు మార్చానని, మీరు తప్పు దారి పట్టాలనే మార్చానని, చప్టా సంగతి తెలుసని, అమ్మాయి ముందు మీరు చిన్నబోతే చూడాలనుకున్నానని. చెప్పడానికి పెద్దసేపు పట్టలేదు.

అతను బండి దిగాడు. దిగి నడవడం మొదలుపెట్టాడు. నేను బండి తోసుకుంటూ వెనకే నడిచాను. స్టార్ట్ చేసి పక్కన పోవడం బాగుండదనిపించింది.

కొంతదూరం పోయాక ఆగాడు. "మామయ్యా, నాకు బండంటే భయం. మీకు తెలుసా?"

తెలియదన్నాను.

"బస్సుల్లో తిరిగేవాణ్ణి, హాయిగా. పెళ్ళైన దగ్గర్నుంచీ మీ అమ్మాయిది ఒకటే మాట. నాన్నైతే ఈ మలుపు ఇలా తిప్పడు. నాన్నైతే వానొచ్చినా ఆపడు. కుళాయి బాగుచేస్తే, నాన్నైతే ఇంకోలా బిగిస్తాడు. బల్బు మార్చినా నాన్నైతే! బల్బుకి ఎన్ని రకాలుంటాయి మామయ్యా మార్చడానికి?"

నేను బండి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను.

"అందుకే కొన్నాను ఆ దిక్కుమాలిన బండి. ఆ బూట్లు సోకుకనుకున్నారా? కాళ్ళు వణికితే కనపడకూడదని. మీ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే సగం నాకు అర్థమే కాదు. నవ్వుతాను, అంతే. చివరికి మీరు నన్ను వాగులో పడేశారు. నాకు కోపం రావాలా వద్దా?"

"రావాలి."

"వచ్చింది. ఇంక మీరు మాట్లాడకండి."

అతను ముందు, నేనూ బండీ వెనక. గట్టు మీద ఎదురుపడ్డ ట్రాక్టరు డ్రైవరు, "పెట్రోలైపోయిందా?" అని అడిగాడు. ఇద్దరమూ అవునన్నాం.

ఇది రాయకూడదు. అయినా రాస్తున్నాను. చెయ్యి కట్టేసుకుని, చెమట కారుతూ, ఆ మనిషి అంత బాధపడుతూ నడుస్తుంటే, నాకు సిగ్గు వేసింది, నిజమే. కానీ వాళ్ళ గేటు దాకా నేను ఎదురుచూసింది ఒకటే. ఇంకోసారి నాన్నైతే అంటాడేమోనని.

అనలేదు. గేటు దగ్గర అమ్మాయి మా ఇద్దర్నీ, తోసుకొస్తున్న బండినీ చూసింది. అర్థమైంది దానికి.

"మీ నాన్నకి మంచినీళ్ళియ్యి" అన్నాడతను. "తాగాక పంపించెయ్యి."

మార్చి 13

దింపడానికి వెళ్ళలేదు. రావద్దని ఫోన్ వచ్చింది. ఆటోలో వెళ్తాడట.

మార్చి 17

కళ్ళద్దాలు వచ్చాయి. ఎవరో పనివాడి చేత పంపాడు. తను రాలేదు. పెట్టుకుని కాయిల్ చుట్టాను. సన్నతీగ కూడా విడివిడిగా కనపడుతోంది.

మార్చి 21

ఆదివారం. పొద్దున అమ్మాయి ఒక్కతే వచ్చింది. అమ్మతో కాసేపు మాట్లాడి, వెళ్ళేటప్పుడు, "నాన్నా, నన్ను దింపుతావా?" అంది.

"ఆయన ఎలా ఉన్నాడు?"

"కోపంగానే ఉన్నారు. వచ్చే వారం నిన్ను రమ్మన్నారు, అద్దాలు సరిపోయాయో లేదో చూడాలట. కోపం వేరే, అద్దాలు వేరే అన్నారు."

బండి తీశాను. వెనక ఎక్కి భుజం మీద చెయ్యి వేసింది. కాలవగట్టు దిగేచోట కంకర పోశారు. రోజూ దిగేదే, నేను వేగం తగ్గించలేదు.

అమ్మాయి భుజం తట్టింది. "మెల్లగా నాన్నా. ఆయనైతే ఇక్కడ రెండో గేరులో దిగుతారు."

పడింది ఆయనే కదా అనబోయాను. అనలేదు. రెండో గేరులోకి మార్చాను.